మంచం కింద కుంపటి

బహ్రెయిన్ ఎంత దేశమని ఊళ్ళో ఎవరైనా అడిగితే పేరయ్య ఒకటే చెప్తాడు. అరాద్‌లో టీ తాగి బండెక్కితే, నోట్లో ఆ టీ రుచి పోకముందే రోడ్డయిపోయి సముద్రం వచ్చేస్తుందంటాడు. కాస్త కోతే గానీ మరీ అబద్ధం కాదు. అంత చిన్న దేశంలో అతనూ, అతని భార్య రామలక్ష్మీ పదకొండేళ్ళుగా ఉంటున్నారు. ఇద్దరూ ఒక కప్పు కింద పడుకున్న రాత్రులు మాత్రం రెండు చేతుల వేళ్ళకి మించవు. ఆమె అరాద్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది, వంటింటి పక్క గదిలో పడుకుంటుంది. అతను తుబ్లీలో గుడారాలు కుట్టి అద్దెకిచ్చే షెడ్డులో పనిచేస్తాడు, పైన రేకుల గదిలో మరో ఐదుగురితో ఉంటాడు. శుక్రవారం సాయంత్రం అరాద్ సముద్రపు ఒడ్డున సిమెంటు అరుగు మీద కూర్చుని, ఆమె తెచ్చిన టిఫిను తిని, ఆరున్నరకి ఎవరి దారిన వాళ్ళు పోతారు. పెళ్ళై ఇరవై ఏళ్ళైన మొగుడూ పెళ్ళాల్ని ఇలా బస్టాండులో ప్రయాణికుల్లా కూర్చోబెట్టిన పాపం ఎవరిదో తేల్చడం కష్టం. అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మంచివాడే, ఆమె పనిచేసే ఇంటి మేడమూ మంచిదే. తిట్టడానికి మనిషి దొరక్కపోవడమే అన్నిటికన్నా చిరాకు.

పేరయ్యది రాజోలు అవతల ఒక లంక. రామలక్ష్మి అతనికి పరాయి పిల్ల కాదు, సొంత అక్క లోవమ్మ కూతురు. తల్లి పోయాక పేరయ్యని పెంచి పెద్దచేసిన లోవమ్మే, ఈడు వచ్చాక కూతుర్నిచ్చి అల్లుణ్ణి చేసుకుంది. రామలక్ష్మి పెళ్ళికి ముందూ అతన్ని ‘మావా’ అనేది, తర్వాతా అదే అంటుంది. లోవమ్మ కడుపున ఆఖరివాడు బుల్లిరాజు. పేరయ్య భుజాలెక్కి పెరిగినవాడు. పేరయ్యే కఫీల్ కాళ్ళావేళ్ళా పడి వీసా తీయించి, మేనల్లుణ్ణి బహ్రెయిన్ తెచ్చాడు. చలికాలంలో ఇక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని సెలవులకి వెళ్తుంటాయి. అలాంటి ఒక క్యాంపుకి కాపలా పని బుల్లిరాజుది.

ఆ బుల్లిరాజు పోయి ఈ పుష్యమాసానికి ఏడాది. ఇరవై ఏడేళ్ళకే పోయాడు.

అప్పట్నుంచి పేరయ్యకి ఒక జబ్బు పట్టుకుంది. నిద్రలో లేచి తలుపులు తీస్తాడు. తీసిన సంగతి తెల్లారాక అతనికి గుర్తుండదు. గదిలో వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. పై మంచంలో పడుకునే పోశన్నది జగిత్యాల వైపు. అతను ఓ రోజు తలుపుకి బాగా పైన, చేతికందని చోట, గడియ బిగించాడు. పేరయ్య నిద్రలోనే స్టూలు లాక్కుని ఆ గడియా తీశాడు.

“పేరన్నా, నీకో ముచ్చట చెప్త, కోపం జెయ్యకు,” అన్నాడు పోశన్న మర్నాడు పొద్దున, పళ్ళు తోముకుంటూ. “తలుపు తీసుడు కాదే నీది. తీసినంక పక్కకి జరుగుతవ్. లోపట్నుంచి ఎవలో బయటికి వోతున్నట్టు తొవ్వ ఇస్తవ్. వాడు వోయేదాంక నిలవడి, అటెన్క అచ్చి పంటవ్.”

ఆ మాట చెప్పిన సాయంత్రమే పోశన్న తన పరుపు చుట్టుకుని గోడవైపు మంచానికి మారిపోయాడు. పేరయ్య ఎవరు బయటికి పోతున్నారని అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి లేదు.

సంగతేమిటంటే, లంకల్లో బాలింత మంచం కింద కుంపటి పెడతారు. నిప్పుల మీద బూడిద కప్పి, గుప్పెడు వాయిలాకు వేసి, మంచం కిందకి తోస్తారు. చలిజ్వరం వచ్చినవాళ్ళకీ అదే వైద్యం. తాటాకు ఇళ్ళలో దానివల్ల ఎవరికీ ఏమీ కాదు, చూరులోంచీ దడిలోంచీ గాలి ఆడుతూనే ఉంటుంది. పేరయ్య పుట్టాక లోవమ్మే తమ తల్లి మంచం కింద కుంపటి కాచింది. ఆ ఇంట్లో అది అన్నం పెట్టినంత మామూలు పని.

కిందటేడు ఆ బుధవారం సాయంత్రం పేరయ్య క్యాంపుకి నీళ్ళ డ్రమ్ములు తీసుకెళ్ళాడు. యజమానులు ఆ వారం రాలేదు. బుల్లిరాజు రెండు దుప్పట్ల కింద గజగజ వణుకుతున్నాడు. పేరయ్య ముందు మిరియాల చారు కాచి పట్టాడు, మాత్ర వేశాడు. అరబ్బులు నిప్పులు పోసి మాంసం కాల్చుకునే ఇనుప మంగలం మంచం కిందకి దూరకపోతే, నాలుగు ఇటుకలు తెచ్చి మంచం కోళ్ళకింద పెట్టి ఎత్తు చేశాడు. ఆ మంగలంలో నిప్పులు పోసి, బూడిద కప్పి, కిందకి తోశాడు. బయట గాలి ఈడ్చి కొడుతోంది. వెళ్ళేముందు గుడారం తలుపుల్ని బయట్నుంచి తాళ్ళతో బిగించి కట్టి, అంచుల చుట్టూ పారతో ఇసుక ఎగదోశాడు. రెండు పొరల గుడ్డ, లోపల దళసరి అస్తరు. తన చేత్తో కుట్టిన గుడారమే. గాలి చొరబడకుండా కుట్టడంలో తుబ్లీ మొత్తానికి పేరయ్యని మించినవాడు లేడు.

పొద్దున ఫోను ఎత్తకపోయేసరికి బండేసుకుని వెళ్ళాడు. తాళ్ళు విప్పింది అతనే. లోపల బొగ్గుల విషపు గాలి పోయే దారి లేక, అప్పటికి బుల్లిరాజు ఎప్పుడో చల్లబడిపోయాడు.

పోలీసులు వచ్చి ఫొటోలు తీశారు, మంచం కనపడే ఒకటి తర్వాత రామలక్ష్మి ఫోనుకీ చేరింది. క్యాంపు యజమాని వచ్చాడు. ఆ యజమాని కళ్ళు తుడుచుకుంటూ, ఈ కుర్రాళ్ళు ఎంత చెప్పినా వినకుండా గుడారంలో నిప్పు పెట్టుకుంటారని అన్నాడు. పోలీసు పేరయ్య వైపు తిరిగి, అతనే పెట్టుకున్నాడా అని హిందీలో అడిగాడు. పేరయ్య తలూపాడు. ఆ తలూపడమే కాగితాల్లోకెక్కింది, ఖలాస్ అన్నారు. ఇదంతా అక్కడితో పోయినా బాగుండేది. శవంతో పాటు పేరయ్య హైదరాబాదు దిగి, అంబులెన్సులో లంకకి చేరాడు. రామలక్ష్మికి సెలవు దొరకలేదు. ఫోనులో తల్లితో ఏడుస్తూ, “నేనే చెప్పేనమ్మా, లేచి మంచం కింద కుంపటి పెట్టుకోరా అని. లేవలేనక్కా అన్నాడు. నేనే కేకలేసేను,” అంది. ఆ బుధవారం సాయంత్రమే, పేరయ్య క్యాంపుకి వెళ్ళడానికి ముందు, ఆమె తమ్ముడికి ఫోను చేసిందన్న సంగతి పేరయ్యకి అప్పుడే తెలిసింది. లోవమ్మ ఏమీ అనకుండా ఫోను పెట్టేసింది. ఆ తర్వాత కూతురితో మాట లేదు. ఏడాదిగా కూతురి ఫోను ఎత్తలేదు. పక్కనే నిలబడ్డ పేరయ్య నోరు విప్పలేదు.

ఇదీ పేరయ్య మెడకి చుట్టుకున్నది. నిజం చెప్తే రామలక్ష్మికి తల్లి దొరుకుతుంది, పేరయ్యకి అక్కా పెళ్ళాం ఇద్దరూ పోతారు. చెప్పకపోతే అతనికి అందరూ ఉంటారు, ఆమెకి తల్లి ఉండదు. ఈ సంగతి అతనికి ప్రతి శుక్రవారం సిమెంటు అరుగు మీద గుర్తొచ్చేది. నోటిదాకా వచ్చేది. అప్పుడు రామలక్ష్మి టిఫిను మూత తీసి, “తిను మావా, చల్లారిపోద్ది,” అనేది. అతను తినేవాడు. పిరికితనం అంటే పారిపోవడమే అనుకుంటారు గానీ, పక్కన కూర్చుని ఉప్మా తినడం కూడా కావచ్చు.

పుష్యం రాగానే రామలక్ష్మి అడిగింది.

“అమ్మ అక్కడ సంవత్సరీకం చేయించుద్ది. నన్ను పిలవదు. ఆడు పోయినచోట నేనింత అన్నం పెట్టుకుంటాను. మేడమోళ్ళు ఉమ్రా చేసుకోడానికి మక్కా వెళ్తన్నారు, రెండ్రోజులు బయటికెళ్ళిరమ్మంది. ఒక రాత్రి అక్కడే పడుకుందాం. తీసుకెళ్తావా మావా?”

పదకొండేళ్ళలో ఆమె అడిగిన మొదటి విహారం ఇదే. వద్దనడానికి పేరయ్య కారణాలు వెతుక్కున్నాడు గానీ ఒక్కటీ నిలవలేదు. కఫీల్‌ని అడిగితే పికప్పు బండి ఇచ్చాడు. షెడ్డులో మూలనున్న పాత చిన్న గుడారం, రెండు మడత మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బాలు బండికెక్కించుకుని, మధ్యాహ్నం అరాద్ వెళ్ళి భార్యని ఎక్కించుకున్నాడు. ఆమె చేతిలో స్టీలు క్యారేజీ, ఒళ్ళో రెండు దుప్పట్లు. నలుపు అంచున్న ఎర్ర చీర కట్టుకుంది. ఇక్కడికొచ్చాక ఆమెని చీరలో చూసిన రోజులు తక్కువే, అతనికి ఎటు చూడాలో తోచలేదు.

దారిలో ఆమె చాలా మాట్లాడింది. బుల్లిరాజు చిన్నప్పుడు పడవలోంచి పడి, ఏటి ఒడ్డు దాకా ఈదుకొచ్చి, అక్క కొడుతుందేమోనని బట్టలారేదాకా చెరుకుతోటలో దాక్కున్న సంగతి చెప్పి నవ్వింది. పేరయ్యా నవ్వాడు. రిఫా దగ్గర దుకాణం ముందు బండాపితే ఆమె కొత్తిమీర, నిమ్మకాయలు తీసుకుంది. దుకాణం బయట అట్టపెట్టెల్లో బొగ్గులు పేర్చి ఉన్నాయి, క్యాంపులకి వెళ్ళేవాళ్ళంతా కొంటున్నారు. మలయాళీ దుకాణదారు, భాయ్, బొగ్గులు వద్దా, చలి ఎక్కువగా ఉందన్నాడు. రామలక్ష్మి మొహం పక్కకి తిప్పేసుకుంది. పేరయ్య వద్దని చెయ్యూపి, చిల్లర కూడా తీసుకోకుండా బండెక్కాడు.

రిఫా దాటాక ఇళ్ళు పల్చబడ్డాయి. తర్వాత చమురు తోడే యంత్రాలు, నేల మీదుగా పాకిన గొట్టాలు, బూడిద రంగు రాళ్ళు. సాఖిర్ వైపు తిరిగేసరికి రెండు పక్కలా గుడారాలే. జెండాలు కట్టుకున్నారు, దీపాల తీగలు వేలాడదీశారు, పిల్లలు నాలుగు చక్రాల బండ్లమీద దుమ్ము లేపుతున్నారు. రామలక్ష్మి అదంతా కిటికీలోంచి చూస్తూ, “తిరనాళ్ళలాగుంది,” అంది. అందులో కనీసం పది గుడారాలు పేరయ్య కుట్టినవే. వాటి పక్కనుంచి పోతుంటే అతను ప్రతిదాని తలుపూ చూశాడు, తెరిచి ఉందా మూసి ఉందా అని. చూడకుండా ఉండాలని అనుకున్నాడు గానీ మెడ మాట వినలేదు.

వాళ్ళు వెళ్ళాల్సిన చోటు ఇంకా దక్షిణాన, రోడ్డు దిగి కంకర బాట మీద చాలాదూరం. అక్కడికొచ్చేసరికి జెండాలు లేవు, మనుషుల్లేరు. ఆ యజమాని కుటుంబం ఈ ఏడాది క్యాంపు వేయలేదు. గుడారం ఉన్నచోట తెల్లరాళ్ళ వరస మాత్రం మిగిలింది, ముంగిట్లో గీసిన ముగ్గులా. ఇంజను ఆపగానే చప్పుడంతా పోయింది. గాలి తప్ప ఏమీ వినపడని చోట మనిషి తన చెవుల్లో రక్తం చప్పుడు వింటాడు. పేరయ్యకి ఆ చప్పుడులో ఎవరో దగ్గినట్టు వినిపించింది.

“ఏ వైపున పడుకున్నాడు?” అంది రామలక్ష్మి.

పేరయ్య చెయ్యి చూపించాడు.

“తల ఎటు?”

“తూర్పుకి.”

“నీకెలా తెలుసు?”

“పొద్దున నేనే కదా చూసేను,” అన్నాడు. అది నిజమే. నిజంలో సగం చెప్పడం పేరయ్యకి ఏడాదిలో బాగా అలవాటైపోయింది.

గుడారం అక్కడే వేద్దామంది, మంచం కూడా అలాగే తూర్పు తలాపున. అతను మేకులు దిగ్గొట్టాడు, తాళ్ళు లాగాడు, అంచుల మీద రాళ్ళు పెట్టాడు. ఎన్ని వందల గుడారాలు వేసిన చేతులో అవి, ఆ సాయంత్రం మాత్రం రెండుసార్లు ముడి తప్పాయి. రామలక్ష్మి చీర చెంగు నడుముకి దోపుకుని, రాళ్ళ వరస దగ్గర నేల చిమ్మి, నీళ్ళు చల్లి, అరిటాకు లేక స్టీలు పళ్ళెంలోనే అన్నం, రొయ్యల వేపుడు, గోంగూర, చిన్న బెల్లం ముక్క పెట్టింది. కాకి కోసం ఇద్దరూ ఆకాశంకేసి చూశారు. ఊళ్ళో అయితే కాకులు ఎగబడతాయి. ఇక్కడ గాలి వచ్చి అన్నం మీద సన్నటి ఇసుక చల్లి పోయింది.

“తిన్రా,” అంది ఆమె నేల మీద చతికిలబడి. “నా మాట ఎప్పుడూ వినేవోడివి కాదు. బడికెళ్ళమంటే వినలేదు, పెళ్ళి చేసుకోమంటే వినలేదు. ఆ ఒక్కసారి ఎందుకు విన్నావురా?”

పేరయ్య బండి వెనక్కి వెళ్ళి, నీళ్ళ డబ్బా మూత తీసి, మొహం మీద నీళ్ళు కొట్టుకుని, మళ్ళీ మూత పెట్టాడు. ఆమె ఏడవలేదు. ఆమె ఏడిస్తే అతనికి కొంచెం సులువయ్యేది.

చీకటి పడ్డాక గ్యాసు పొయ్యి బయటే వెలిగించి టీ పెట్టుకున్నారు. చలి ఎముకల్లోకి దిగింది. ఆమె దుప్పటి కప్పుకుని, అతని భుజానికి ఆనుకుని, కూతురు లక్ష్మిప్రసన్న అమలాపురం హాస్టల్లో ఇంటరు చదువుతోందని అతనికి తెలిసిన సంగతే మళ్ళీ చెప్పింది. పోయిన ఆదివారం పిల్ల అమ్మమ్మ దగ్గరకెళ్ళిందట. అమ్మ ఎలా ఉందని తను ఫోనులో అడిగితే, వెనక నుంచి లోవమ్మ గొంతు వినపడిందట. ఫోనులో ఎవరే అని మనవరాల్ని అడిగి, అమ్మ అని పిల్ల చెప్పగానే వాకిట్లోకి వెళ్ళిపోయిందట.

“ఆవిడ గొంతు విన్నాను కదా, చాల్లే అనుకున్నాను,” అంది రామలక్ష్మి. “ఆవిడదేం తప్పు. కొడుకుని చంపుకున్నదాన్ని ఎవరు పలకరిత్తారు?”

“అలాగనకు.”

“ఉన్న మాటే కదా మావా.”

ఆమె లోపలికెళ్ళి పడుకుంది. ఎర్రచీర మీదే రెండు దుప్పట్లు కప్పుకుంది. ఇన్నేళ్ళకి దొరికిన రాత్రి, అందుకోసం అతను ఎన్ని శుక్రవారాలు కలలు కన్నాడో. ఇప్పుడు ఆమె పక్కన మంచంలో, ఆ చోట, వెల్లకిలా పడుకుని గుడ్డ పైకప్పుని చూస్తున్నాడు. అటువైపు మంచంలో శ్వాస ఆడుతోందా లేదా అని వినడమే అతనికి పనైపోయింది. ఆడుతోంది. కాసేపాగి మళ్ళీ విన్నాడు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

రామలక్ష్మి చలికి మెలకువొచ్చి కళ్ళు తెరిచేసరికి తెల్లవారుతోంది. గుడారానికి తలుపులు లేవు. తలుపులే కాదు, నాలుగు పక్కలా గుడ్డ పైకి చుట్టేసి ఉంది. అంచుల మీద పెట్టిన రాళ్ళన్నీ ఒకటొకటిగా తీసి దూరంగా పేర్చి ఉన్నాయి. గాలి ఇటునుంచి అటు పోతోంది. పేరయ్య బనీనుతో, వట్టికాళ్ళతో, రాళ్ళ వరస బయట ఇసుకలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల గోళ్ళలోంచీ నెత్తురు కారుతోంది.

“మావా,” అంది దగ్గరకెళ్ళి, దుప్పటి కప్పుతూ. “ఏంటిది? ఎప్పుడు లేచేవు?”

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. ఈసారి నిద్రలో ఏం చేశాడో అతనికీ తెలిసింది. బుల్లిరాజు బయటికి పోవడానికి తలుపొక్కటీ చాలక, గోడలన్నీ తీసేశాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదనిపించింది, దాచే ఓపికా మిగల్లేదు.

“కుంపటి నేను పెట్టేను,” అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు.

“ఆ సాయంత్రం నేనొచ్చేను. ఆడు వణికిపోతన్నాడు. మంగలంలో నిప్పులు పోసి మంచం కింద నేనే పెట్టేను. తలుపులు నేనే కట్టేను, బయట్నుంచి. ఆడు లేవనేలేదు.”

రామలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీర చెంగుతో అతని వేళ్ళ నెత్తురు తుడవడం మొదలుపెట్టింది.

“నా బాధ చూల్లేక అంటన్నావు,” అంది మెల్లగా. “నీ మీద వేసుకుంటే నాకు బరువు తగ్గుద్దని. నాకు తెలుసు నీ సంగతి. చిన్నప్పుడు నేను కుండ పగలగొడితే నువ్వే పగలగొట్టేనని అమ్మ చేత దెబ్బలు తిన్నావు. వద్దు మావా. ఇది కుండ కాదు.”

అదుగో, దేవుడు తలుపు తీసిపెట్టాడు. చెప్పాల్సింది చెప్పేశాడు, ఆమె నమ్మలేదు, అతని తప్పేముంది? పైగా మంచివాడన్న పేరు. ఆ క్షణాన పేరయ్యకి ఆ మాట ఎంత వెచ్చగా తగిలిందో చెప్పలేం. ఊరుకుంటే చాలు. ఆమె వేళ్ళు తుడుస్తూనే ఉంది.

“మంచం కోళ్ళకింద ఇటుకలున్నాయి,” అన్నాడు పేరయ్య. “ఫొటోలో చూసేవు నువ్వు. నాలుగు ఇటుకలు. లేవలేనక్కా అన్నోడు, మంచం ఎత్తి నాలుగు ఇటుకలు ఎలా పెట్టుకున్నాడే?”

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

ఆ ఫొటో ఆమె ఎన్నిసార్లు చూసిందో. ఇటుకలూ చూసింది. ఎవరు పెట్టారో ఆలోచించలేదు, ఎందుకంటే పెట్టించింది తనేనని ముందే తేల్చేసుకుంది. చెంగు అతని చేతిలోనే వదిలేసి, కొంచెం వెనక్కి జరిగి కూర్చుంది. ఎండ ఇంకా రాలేదు. దూరంగా చమురు గొట్టం మీద ఒక పిట్ట వాలి లేచిపోయింది.

“పెట్టినప్పుడు ఏమన్నా అన్నాడా?” అంది.

“నవ్వేడు. మావయ్యా, నన్ను బాలింతని చేసేవు, పిల్లోడు ఏడీ అన్నాడు. నిప్పులు తగిలేక వణుకు తగ్గింది. హాయిగా ఉంది, ఇంక నువ్వెళ్ళు, పొద్దున్నే డ్యూటీ కదా అన్నాడు.”

రామలక్ష్మి ఆ మాటలు లోపలే మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నట్టు పెదాలు కదిపింది. తమ్ముడి ఆఖరు మాటలు. ఏడాదిగా ఈ మనిషి దగ్గర ఉన్నాయి.

“ఆడు వెచ్చగా ఉండాలనే పెట్టేవు,” అంది. “నేనున్నా అదే చేద్దును. అమ్మున్నా అదే చేసును. దానికి నిన్నేమీ అనను, అనలేను.”

పేరయ్య తల ఎత్తాడు. అతని మొహంలో ఆశ కనపడింది కాబోలు, ఆమె వెంటనే మొహం తిప్పుకుంది.

“నేను ఫోనులో ఏడుత్తున్నప్పుడు అమ్మ పక్కనే ఉన్నావు,” అంది. “అమ్మ పెట్టేసింది. అప్పుడు చెప్పొచ్చు. మర్నాడు చెప్పొచ్చు. యాభై రెండు శుక్రవారాలు నా చేతి తిండి తిన్నావు. నేను రోజూ పొద్దున లేచి, ఆళ్ళ పిల్లలకి పాలు కలుపుతూ, నా తమ్ముణ్ణి నేనే చంపేను అనుకునేదాన్ని. అది చూసేవు నువ్వు. చూత్తా ఊరుకున్నావు.”

అక్క పోతుందని, నువ్వు పోతావని భయపడ్డానని పేరయ్య చెప్పాలనుకున్నాడు. చెప్తే అది కూడా తనకోసం అడుక్కోవడమే అవుతుందని తెలిసి ఊరుకున్నాడు.

ఆమె లేచి, రాత్రి పెట్టిన పళ్ళెంలో అన్నం గుంట తీసి పూడ్చింది. పళ్ళెం కడిగింది. దుప్పట్లు మడిచింది. అంతా ఇంట్లో పనిచేసినట్టే, ఎక్కడా తొందర లేకుండా చేసింది. పేరయ్య గుడారం విప్పబోతే ఉండమంది. బండి తలుపు తీసి, డాష్‌బోర్డు మీదున్న అతని ఫోను తెచ్చింది.

“మనూళ్ళో ఎనిమిదిన్నర అయ్యుంటది. అమ్మ లేచే ఉంటది,” అంది. “నా ఫోనైతే ఎత్తదు. నీదైతే ఎత్తుద్ది.”

నంబరు ఆమే నొక్కి, ఫోను అతని చేతిలో పెట్టింది. ఎదురుగా ఇసుకలో మోకాళ్ళు ముడుచుకుని, ఎర్రచీర అంచు పాదాల మీదకి లాక్కుని కూర్చుంది. ఏడాదిగా తనకి దక్కని గొంతు వినడానికి చెవులు రిక్కించుకుంది. అవతల రెండుసార్లు మోగింది.

“తమ్ముడూ,” అంది లోవమ్మ, మూడోసారి మోగకుండానే. “నీకోసమే అనుకుంటన్నానురా ఇప్పుడే. అక్కడ చలిగా ఉందంటగా. తిన్నావా, నాయనా?”

పేరయ్య కళ్ళు మూసుకున్నాడు.

“అక్కా,” అన్నాడు. “నువ్వు కూర్చో. కూర్చుని విను.”